సాగు ఉంది, పట్టా లేదు

పల్లెల్లో రెవెన్యూ దస్తరాలు తిరగేసిన వారికి ఒక సంగతి బాగా తెలుసు. తాతల నాటి నుండి ఒక చెక్కను దున్నుకొంటున్న రైతు పేరు అడంగల్‌లో అనుభవదారు గడిలో ఉంటుంది. పట్టాదారు గడిలో మాత్రం ఉండదు. చెమట అతనిదే, పంట అతనిదే. అయినా బ్యాంకుకు వెళితే రుణం పుట్టదు. రోడ్డు వెడల్పులో ఆ భూమి పోతే పరిహారం అతని చేతికి రాదు. లోపం అతని కష్టంలో లేదు. కాగితం మీద ఒక గడిలో ఉంది.

మన విద్యార్థులలో ఎందరో నేడు ఇదే స్థితిలో ఉన్నారు. చదువుతున్నారు, పరీక్షలు వ్రాస్తున్నారు, ఉత్తీర్ణులవుతున్నారు, చివరకు గోడకు తగిలించుకొనేందుకు ఒక సనదు కూడా పొందుతున్నారు. కాని వారి తరువాతి జీవితమంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నది: ప్రవేశం పొందిన రోజున వారిని డిగ్రీ విద్యార్థిగా నమోదు చేశారా, డిగ్రీ కాని విద్యార్థిగా నమోదు చేశారా? దీనికి జవాబు సంస్థకు మొదటి రోజే తెలుసు. విద్యార్థికి మాత్రం మూడేళ్ళు, ఐదేళ్ళు గడచిన తరువాత, ఏదో ఒక కార్యాలయంలో ధ్రువపత్రాల పరిశీలన నాడు తెలుస్తున్నది. ఈ ఆలస్యమే అసలు అన్యాయం. ఈ నెల సంపాదకీయానికి విషయం అదే.

కామిల్, ఫాజిల్: తీర్పులోని రెండవ సగం

2024 మార్చి 22న అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా విద్యాబోర్డు చట్టం, 2004ను రాజ్యాంగ విరుద్ధమని పూర్తిగా కొట్టివేసింది. ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసింది. అదే సంవత్సరం నవంబరు 5న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం తుది తీర్పు వెలువరించి, చట్టం చెల్లుతుందని ప్రకటించింది. మదర్సాలలో విద్యా ప్రమాణాలను నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉన్నదనీ, మైనారిటీల హక్కుకు అది విరుద్ధం కాదనీ తేల్చింది. దేశమంతటా ముస్లిం సమాజం ఊపిరి పీల్చుకొన్నది. పత్రికలలో అభినందన వ్యాసాలు వచ్చాయి.

ఆ సంతోషంలో తీర్పులోని రెండవ సగం మీద తగినంత దృష్టి పడలేదు. ఆ బోర్డు మున్షీ, మౌల్వీ పరీక్షలను పదవ తరగతి స్థాయిగా, ఆలిమ్‌ను పన్నెండవ తరగతి స్థాయిగా, కామిల్‌ను డిగ్రీ స్థాయిగా, ఫాజిల్‌ను పి.జి. స్థాయిగా నిర్వహిస్తూ వచ్చింది. కామిల్, ఫాజిల్‌లకు సంబంధించిన నిబంధనలు మాత్రం చెల్లవని సుప్రీంకోర్టు నిర్ణయించింది. కారణం సూటిగానే ఉన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం, 1956లోని 22వ సెక్షను ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం కేంద్ర, ప్రావిన్షియల్ లేదా రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయానికీ, ఆ చట్టం 3వ సెక్షను క్రింద డీమ్డ్ హోదా పొందిన సంస్థకూ, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా ఆ అధికారం పొందిన సంస్థకూ మాత్రమే ఉన్నది. డిగ్రీ పేరు కూడా యు.జి.సి. గెజెట్‌లో ప్రకటించినదై ఉండాలి. మదర్సా బోర్డు విశ్వవిద్యాలయం కాదు. కనుక అది ఇచ్చినది, ఎంత లోతైన చదువుకు ఇచ్చినదైనా, చట్టం దృష్టిలో డిగ్రీ కాదు.

ఈ సూత్రాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. డిగ్రీకి హద్దు లేకపోతే వీధికొక విశ్వవిద్యాలయం వెలుస్తుంది; దానికి మొదట బలయ్యేది పేదవాని బిడ్డే. యు.జి.సి. ప్రతి సంవత్సరం ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ చిరునామాలు కూడా కనిపిస్తూ వచ్చాయి. హద్దు ఉండవలసిందే. హద్దు గీసే వేళ అవతలి వైపున నిలబడి ఉన్న పిల్లల సంగతి ఏమిటన్నదే మా ప్రశ్న.

దీనికి న్యాయ చరిత్రలోనే ఒక సమాధానం ఉన్నది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో చేసిన చట్టం ఆధారంగా ఆ చిన్న రాష్ట్రంలో 112 ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటి పునాదినే రద్దుచేసింది. అయితే ఆ సంస్థలలో నిజంగా చదువుతున్న విద్యార్థుల ప్రయోజనం కాపాడేందుకు వాటిని రాష్ట్రంలో అప్పటికే ఉన్న విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసే చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. సంస్థ చేసిన తప్పుకు విద్యార్థిని శిక్షించరాదన్న విచక్షణ అందులో ఉన్నది. 2024 తీర్పులో కామిల్, ఫాజిల్ విద్యార్థులకు అటువంటి రక్షణ వాక్యం చేరలేదు. ఆ బాధ్యత రాష్ట్ర ప్రభుత్వం మీద పడింది. ప్రభుత్వం అనుమతించిన బోర్డు, ప్రభుత్వం జీతమిచ్చిన ఉపాధ్యాయులు, ప్రభుత్వ ముద్ర ఉన్న మార్కుల పత్రాలు: వీటిని నమ్మి చేరిన విద్యార్థులను ఏదైనా ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి అనుసంధానించి, కొరత ఉన్న పాఠ్యాంశాలలో పరీక్ష పెట్టి, అర్హులకు పట్టా ఇవ్వడం దయ కాదు, బాకీ తీర్చడం.

అది అసాధ్యమేమీ కాదు. బీహారులో ఆలిమ్, ఫాజిల్ పరీక్షలను పాట్నాలోని మౌలానా మజ్‌హరుల్ హఖ్ అరబిక్, పర్షియన్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్నది. అది రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం. చదువు దాదాపు ఒకే జాతిది. ఇచ్చే చేయి మాత్రం వేరు. ఒక రాష్ట్రంలో విద్యార్థి పట్టా కలవాడయ్యాడు, ప్రక్క రాష్ట్రంలో లేనివాడయ్యాడు. హోదా అన్నది విద్యార్థి ప్రతిభను కొలిచేది కాదనీ, పాలకులు చేసిన ఏర్పాటును బట్టి వచ్చేదనీ ఇంతకన్న స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

మన రెండు రాష్ట్రాల మాట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉత్తరప్రదేశ్ తరహా చట్టబద్ధమైన మదర్సా బోర్డు లేదు. కనుక ఆ తీర్పు మనకు నేరుగా వర్తించదు. అలాగని నిశ్చింతగా కూర్చోవడానికి వీలు లేదు. అక్కడ చెల్లకుండా పోయినది ఒక బోర్డు పత్రం; ఇక్కడ మన మదర్సాల సనదులకు మొదటి నుండి అటువంటి బోర్డు అండ కూడా లేదు. వాటికి ఉన్న విలువ అంతా ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన ప్రవేశాల కోసం స్వయంగా ఇచ్చుకొన్న గుర్తింపే.

ఆ గుర్తింపు చిన్నదేమీ కాదు. 1998లో హైదరాబాదులో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఎంపిక చేసిన మదర్సాల సనదులను ప్రవేశానికి అంగీకరిస్తున్నది. మదర్సా పట్టభద్రులు సాధారణ డిగ్రీ, పాలిటెక్నిక్ చదువులలోకి రావడానికి బ్రిడ్జ్ కోర్సులు నడుపుతున్నది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 2013లోనే ఇటువంటి బ్రిడ్జ్ కోర్సు ప్రారంభించింది. ఈ దారిన నడచి ఆంగ్లం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం చదివినవారు ఉన్నారు. ఈ దారి ఉన్నదని మన ఊళ్ళ మదర్సాలలో ఎందరు ఉస్తాదులకు, ఎందరు తల్లిదండ్రులకు తెలుసు?

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ప్రవేశానికి గుర్తింపు వేరు, ఉద్యోగానికి గుర్తింపు వేరు. ఒక విశ్వవిద్యాలయం ఆలిమ్ సనదును ఇంటర్మీడియట్‌తో సమానంగా భావించి బి.ఏ.లో చేర్చుకోవచ్చు. ఆ బి.ఏ. నిస్సందేహంగా డిగ్రీయే. కాని ఇంటర్మీడియట్ పత్రాన్నే అడిగే నియామక ప్రకటనకు ఆ సనదు చూపితే బల్ల అవతల ఉన్న గుమాస్తా దానిని ప్రక్కన పెడతాడు. ప్రభుత్వ కార్యాలయంలో సర్వీసంతా కాగితాల మధ్య గడిపినవానిగా చెబుతున్నాను: అతనికి ద్వేషం ఉండనక్కరలేదు. అతని చేతిలోని నిబంధనలో ఆ పేరు లేదు, అంతే. నిబంధనలో లేనిదానిని అనుమతిస్తే రేపు ఆడిట్ అభ్యంతరం అతని మెడకు చుట్టుకొంటుంది.

గొలుసులో ఒక లంకె లేకపోతే ఏమవుతుందో 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో తేలింది. మూడేళ్ళ ప్రాథమిక డిగ్రీ లేకుండా సార్వత్రిక విధానంలో నేరుగా పొందిన పి.జి. పట్టా నియామకానికి చెల్లదని సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు చెప్పింది. పై అంతస్తు ఎంత అందంగా కట్టినా క్రింది అంతస్తు చూపించమంటారు. అందుకే మదర్సాలో చదివే ప్రతి బాలుడు, బాలిక ఆ చదువుతో పాటే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా గాని, మన రాష్ట్రాల సార్వత్రిక పాఠశాల సంస్థల ద్వారా గాని పదవ తరగతి, ఇంటర్మీడియట్ పూర్తి చేయాలి. హిఫ్జ్ చేస్తున్న పిల్లవానికి ఏటా రెండు మూడు పాఠ్యాంశాల పరీక్ష వ్రాయడం మోయలేని భారం కాదు. దీనీ విద్యకు అది అడ్డు కాదు, తోడు.

ఈ విషయం కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే మదర్సా విద్యార్హతలకు సమానత్వం నిర్ణయించే యంత్రాంగం కావాలనీ, పోటీ పరీక్షల అర్హతకు వాటిని పరిగణించాలనీ సిఫారసు చేసింది. బడి ఈడు ముస్లిం పిల్లలలో మదర్సాలకు వెళ్ళేవారు 3 శాతం మాత్రమేనని కూడా ఆ నివేదికే చెప్పింది. ఆ అంకెను మన మీద అపవాదులకు జవాబుగా ఎన్నోసార్లు వాడుకొన్నాం. మంచిదే. కాని మిగిలిన 97 శాతం పిల్లల హోదా ఎంత భద్రంగా ఉన్నదో కూడా చూడాలి కదా!

మదర్సా బయట కూడా ఇదే కథ

డిగ్రీ చదువులోనే అందరి హోదా ఒక్కటి కాదు. రోజూ కళాశాలకు హాజరయ్యే రెగ్యులర్ విద్యార్థి ఒకరు. దూరవిద్య లేదా సార్వత్రిక విధానంలో డిగ్రీకి నమోదైనవారు మరొకరు. సర్టిఫికెట్, డిప్లొమా వంటి డిగ్రీ కాని చదువులలో చేరినవారు ఇంకొకరు. ముగ్గురూ విశ్వవిద్యాలయ విద్యార్థులమనే చెప్పుకొంటారు. ముగ్గురి హక్కులు మూడు రకాలు.

మొదటివారికి బోధన రుసుము తిరిగి చెల్లింపు, హాస్టలు, ఉపకార వేతనం వంటివి అందే వీలున్నది. అక్కడా ఒక జాగ్రత్త కావాలి. కన్వీనరు కోటాలో సీటు పొందినవారికే రుసుము తిరిగి వస్తుంది. యాజమాన్య కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవారికి రాదు. 2007 చట్టంతో వచ్చి, 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిన 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్ ఉన్న పిల్లవాడు కౌన్సెలింగ్ తేదీ తెలియక స్పాట్‌లో చేరితే, అదే తరగతిలో, అదే బల్ల మీద కూర్చొని, ప్రక్కవానికి రాయితీ అయిన రుసుమును తాను పూర్తిగా చెల్లించవలసి వస్తుంది. పోరాడి సాధించిన హక్కు ఒక తేదీ దగ్గర జారిపోతున్నది.

దూరవిద్య సంగతి మరింత లోతుగా చూడాలి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. కుటుంబ పరిస్థితుల వల్ల కళాశాలకు వెళ్ళలేని ఎందరో ఆడపిల్లలకు, పగలు దుకాణంలో, మెకానిక్ షెడ్డులో పనిచేసే యువకులకు ఇటువంటి సంస్థలే దిక్కు. యు.జి.సి. 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు గల సంస్థ నుండి దూరవిద్య లేదా ఆన్‌లైన్ విధానంలో పొందిన డిగ్రీ, హాజరై చదివిన డిగ్రీతో సమానం. దూరవిద్య డిగ్రీని తక్కువ చూపు చూసేవారు ఈ సంగతి గ్రహించాలి.

కాని సమానత్వం పట్టా చేతికి వచ్చాకనే. చదువుతున్నంత కాలం దూరవిద్య విద్యార్థికి మన రాష్ట్రాలలో రుసుము తిరిగి చెల్లింపు లేదు. ఇల్లు కదలలేని అమ్మాయి కదలగలిగిన అబ్బాయి కన్న పేదది కాకపోవచ్చు గాని, ఆమె చదువుకు ప్రభుత్వం పెట్టే ఖర్చు మాత్రం తక్కువ. పట్టా సమానమైనప్పుడు చదివే కాలంలో సాయం ఎందుకు సమానం కాదు? ఈ ప్రశ్నను మన శాసనసభ్యులను అడగవలసి ఉన్నది.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో నాన్ కాలేజియేట్ మహిళా విద్యాబోర్డు అని ఒకటి 1940 దశకం నుండి పనిచేస్తున్నది. అందులో నమోదైన యువతులు రోజూ కళాశాలకు రానక్కరలేదు. వారాంతపు తరగతులకు హాజరై, అదే విశ్వవిద్యాలయ పరీక్షలు వ్రాసి, అదే డిగ్రీ పొందుతారు. వారు కళాశాల విద్యార్థినులు కారు, కాని సంపూర్ణంగా డిగ్రీ విద్యార్థినులు. హైదరాబాదు పాతబస్తీ, కర్నూలు, కడప, నిజామాబాదు, గుంటూరు వంటి చోట్ల మన విశ్వవిద్యాలయాలు ఇటువంటి ఏర్పాటు చేస్తే ఎన్ని ఇళ్ళలో దీపం వెలుగుతుందో ఊహించండి. కర్నూలులో 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ విషయంలో ముందుకు రావాలి.

ఇక డిగ్రీ కాని చదువులు. సర్టిఫికెట్, డిప్లొమా చదువులు నైపుణ్యానికి మంచివే. కుట్టుపని, కంప్యూటరు, అనువాదం, ఆసుపత్రి సాంకేతిక పనులు నేర్చుకొని కుటుంబాన్ని నిలబెట్టినవారు మన కళ్ళ ముందే ఉన్నారు. చిక్కు వాటితో కాదు. డిప్లొమాను డిగ్రీ అని నమ్మించి అమ్మే బోర్డులతో. పేటలో రెండు గదుల కంప్యూటరు కేంద్రం పెట్టి, ఎక్కడో వెయ్యి మైళ్ళ దూరాన ఉన్న విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ఏడాదిలో మూడేళ్ళ డిగ్రీ ఇప్పిస్తామనేవారు నేటికీ ఉన్నారు. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చేయడానికి అనుమతి లేదు. అటువంటి పేరుతో ఎవరు వచ్చినా గుమ్మం దగ్గరే ఆపాలి.

ఈ మోసం ఖరీదు ఎంతో 2017 నవంబరు 3 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపింది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సాంకేతిక విద్యామండలి అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగు డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టాలు నిలుపుదల అయి, వారు తిరిగి పరీక్ష వ్రాయవలసి వచ్చింది. ఆ తరువాత చేరినవారి పట్టాలు రద్దయ్యాయి. ఆ పట్టాతో ఉద్యోగంలో చేరి, పదోన్నతి పొంది, పెళ్ళిళ్ళు చేసుకొని, పిల్లల్ని కన్నవారు కూడా వారిలో ఉండి ఉంటారు. హోదాలోని పొరపాటు పదేళ్ళ తరువాత కూడా తలుపు తట్టగలదు.

కొత్త విధానం, కొత్త సందు

2020 జాతీయ విద్యావిధానంతో మరొక మార్పు వచ్చింది. యు.జి.సి. రూపొందించిన నాలుగేళ్ళ డిగ్రీ చట్రంలో మొదటి ఏడాది తరువాత మానుకొంటే సర్టిఫికెట్, రెండవ ఏడాది తరువాత డిప్లొమా, మూడవ ఏడాది తరువాత డిగ్రీ, నాలుగవ ఏడాది పూర్తిచేస్తే ఆనర్స్. మన రాష్ట్రాలలో దీని అమలు అన్నిచోట్ల ఒకే తీరున లేదు. మధ్యలో మానవలసి వచ్చినవారి చదువు వృథా పోరాదన్న ఆలోచన మంచిదే.

మన ఇళ్ళలో ఇది ఎలా పనిచేస్తుందో కూడా ఆలోచించాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగానే సంబంధం కుదురుతుంది. ఇదివరకు అమ్మాయి చదువు మానిపించడానికి తల్లిదండ్రులు కొంతైనా వెనుకాడేవారు. ఇప్పుడు చేతిలో ఒక సర్టిఫికెట్ పెడితే చదువు పూర్తయినట్లే అని సర్దిచెప్పుకొనే ప్రమాదం ఉన్నది. డిగ్రీ విద్యార్థినిగా లోపలికి వెళ్ళిన అమ్మాయి డిగ్రీ లేకుండా బయటికి వస్తున్నది. ఆ మెట్టు మీద ఆమెకు ఇచ్చేది డిగ్రీ కాదు. డిగ్రీ అడిగే ఏ ఉద్యోగానికీ అది పనికిరాదు.

అయితే తిరిగి వచ్చే తలుపు మూసివేయలేదు. అలా బయటికి వచ్చినవారు మూడేళ్ళలోపు తిరిగి చేరవచ్చు; మొత్తం ఏడేళ్ళలో డిగ్రీ పూర్తి చేయవచ్చు. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఆమె పేరున భద్రంగా ఉంటాయి. నిఖా మాట్లాడుకొనేటప్పుడు మెహర్, జహేజ్, వలీమా గురించి గంటల తరబడి మాట్లాడే పెద్దలు, అమ్మాయి డిగ్రీ ఎప్పుడు పూర్తి చేస్తుందన్న ఒక్క మాట కూడా ఖరారు చేసుకొంటే ఎంత బాగుంటుంది!

అంకెలు చెబుతున్నది

కేంద్ర విద్యాశాఖ జరిపే అఖిల భారత ఉన్నత విద్య సర్వే ప్రకారం 2019-20లో దేశంలో ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. 2020-21లో ఆ సంఖ్య 19.21 లక్షలకు తగ్గింది. మొత్తం విద్యార్థులలో మన వాటా 4.6 శాతం మాత్రమే. 2011 జనాభా లెక్కలలో మన వాటా 14.2 శాతం. అదే సంవత్సరం దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల సంఖ్య పెరిగింది, మనది తగ్గింది. దీనికి కరోనా ఒక కారణం కావచ్చు, పేదరికం ఒక కారణం కావచ్చు. ఆపైన 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది.

ఇంత తక్కువమంది ఉన్నత విద్య గడప త్రొక్కుతున్నప్పుడు, ఆ త్రొక్కినవారిలో కొందరు హోదా తెలియక జారిపోవడం సముదాయం భరించగల నష్టం కాదు. ఎక్కువ ఉన్నవాడు కొంత పోగొట్టుకొన్నా తట్టుకోగలడు. గుప్పెడు విత్తనాలున్నవానికి ఒక్క గింజ కూడా రాయి మీద పడరాదు.

ఇంటిలో అడగవలసిన ప్రశ్నలు

రుసుము కట్టే ముందు ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఈ విషయాలు సంస్థను అడగాలి. సిగ్గుపడనక్కరలేదు, డబ్బు మీది, బిడ్డ మీది.

మొదటిది, చివరన ఇచ్చే పత్రం పేరేమిటి, దానిని ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? చదువు చెప్పే కేంద్రం పేరు కాదు, పట్టా మీద సంతకం చేసే సంస్థ పేరు కావాలి. ఆ పేరు యు.జి.సి. జాబితాలో ఉన్నదో లేదో ఇంటర్నెట్ తెలిసిన పిల్లవాడు పది నిమిషాలలో చూసి చెప్పగలడు.

రెండవది, చదువు విధానం ఏది? రెగ్యులరా, దూరవిద్యా, ఆన్‌లైనా? దూరవిద్య అయితే ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు యు.జి.సి. దూరవిద్యా విభాగం అనుమతి ఉన్నదా? 2024 నుండి ఇటువంటి ప్రవేశాలకు విద్యార్థి పేరున డెబ్ ఐడీ తప్పనిసరి అయింది. ఆ సంఖ్య లేకుండా చేర్చుకొంటామంటే అక్కడ ఏదో దాస్తున్నారని అర్థం. గల్ఫ్ కొలువులకు వెళ్ళదలచినవారు ఈ ప్రశ్న మరింత గట్టిగా అడగాలి. పట్టా నిజమైనదా అన్నదానితో ఆగక ఏ విధానంలో చదివారని కూడా కొన్ని దేశాలు అడుగుతాయి.

మూడవది, ఈ సీటుకు రుసుము తిరిగి చెల్లింపు వర్తిస్తుందా? కన్వీనరు కోటాయా, కాదా? నోటిమాట చాలదు, ప్రవేశ పత్రం మీద వ్రాసి ఇవ్వమనాలి.

నాలుగవది, పదవ తరగతి నుండి ఇప్పటిదాకా పత్రాల వరుసలో ఎక్కడైనా ఖాళీ ఉన్నదా? ఉంటే దానిని ఇప్పుడే పూడ్చుకోవాలి. ఉద్యోగ ప్రకటనలలో అర్హత ప్రకటన తేదీ నాటికే ఉండాలని సాధారణంగా షరతు పెడతారు. ఆ రోజు తరువాత తెచ్చిన పట్టా అసలైనదే అయినా ఆ ఉద్యోగానికి పనికిరాదు.

అసలు ధ్రువపత్రాలను తమ వద్ద ఉంచుకొని విద్యార్థిని కట్టిపడవేసే సంస్థలున్నాయి. ప్రవేశ సమయంలో పరిశీలించి అసలు పత్రాలను తిరిగి ఇచ్చివేయాలని యు.జి.సి. 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ హక్కును వదులుకోకండి.

ప్రభుత్వాలను అడగవలసినవి

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కామిల్, ఫాజిల్ విద్యార్థులకు విశ్వవిద్యాలయ అనుబంధం ద్వారా పట్టాకు దారి చూపాలి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మూడు పనులు చేయాలి. ప్రతి ఉన్నత విద్యాసంస్థ ప్రవేశ పత్రం మొదటి పేజీలోనే, తెలుగులో, ఉర్దూలో, ఇది డిగ్రీ చదువా కాదా, రుసుము తిరిగి చెల్లింపు ఉన్నదా లేదా అని పెద్ద అక్షరాలతో ముద్రించాలి. దూరవిద్యలో డిగ్రీ చదివే పేద విద్యార్థినులకైనా రుసుము సాయం విస్తరించాలి. మదర్సా సనదులకు సమానత్వం నిర్ణయించేందుకు ఉన్నత విద్యామండలి, ఉర్దూ విశ్వవిద్యాలయాలు, మదర్సాల ప్రతినిధులతో ఒక సంఘం ఏర్పరచి, ప్రవేశానికే గాక నియామకాలకు కూడా వర్తించే ఉత్తర్వు వెలువరించాలి. వీటిలో ఏదీ ఖజానాను ఖాళీ చేసేది కాదు. మొదటిదానికి సిరా ఖర్చు తప్ప వేరే ఖర్చే లేదు.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకొని ఉండరాదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వెంటనే వచ్చే శుక్రవారాలలో, జుమా నమాజు తరువాత, ప్రతి పట్టణంలో కనీసం ఒక మస్జిదు వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయండి. ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విశ్వవిద్యాలయంలో చదువుతున్న యువతీ యువకులు అక్కడ కూర్చోవాలి. మహిళలకు ప్రత్యేక సమయం, ప్రత్యేక స్థలం ఉండాలి. ప్రవేశ పత్రం తెచ్చినవారికి దానిని చదివి, ఏ గడిలో ఏమున్నదో వివరించి పంపాలి. కౌన్సెలింగ్ తేదీలు గోడ మీద అంటించాలి. జకాత్ నిధులతో రుసుములు కట్టే సంఘాలు కట్టే ముందు హోదా పరిశీలించడం నియమంగా పెట్టుకోవాలి. చెల్లని పట్టాకు కట్టిన రుసుము ఎవరి ఆకలీ తీర్చదు.

చదువుకోండి అని మన పెద్దలు, మన సభలు, మన పత్రికలు చెబుతూనే ఉన్నాయి. ఆ పిలుపు విని పిల్లలు కదిలారు. ఇప్పుడు రెండవ మాట చెప్పవలసిన సమయం వచ్చింది: ఏ పేరుతో, ఏ హోదాతో చదువుతున్నారో తెలుసుకొని చదవండి. సాగు చేసినవానికి పట్టా దక్కాలన్నది ఈ నేల మీద రైతులు ఎంతో కాలం పోరాడి నిలబెట్టిన న్యాయం. చదివిన బిడ్డకు పట్టా దక్కాలన్నది కూడా అదే న్యాయం. ఈ ప్రవేశాల కాలం ముగిసేలోగా మన వీధిలో ఒక్క విద్యార్థి ప్రవేశ పత్రమైనా మనం కూర్చొని చదివి చూద్దాం.